ఆర్15, ఆర్‌సీ దిగి మీటియర్ 350 ఎక్కేవాళ్లకి: సీమ రోడ్ల మీద ఈ బండి ఎట్లుంటుంది, ఏం మార్చాలి, ఏం ముట్టుకోకూడదు

కర్నూలు, అనంతపురం, కడపలో యమహా ఆర్15, బజాజ్ ఆర్‌ఎస్200, కేటీఎం ఆర్‌సీ లాంటి స్పోర్ట్స్ బండ్ల మీద నాలుగైదేళ్లు తిరిగి, ఇక మణికట్లు, మెడ పట్టేస్తున్నాయని క్రూజర్ (కాళ్లు ముందుకి చాచి, నిటారుగా కూర్చునే బండి) వైపు చూసేవాళ్లు ముందుగా అడిగే బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350. ఈ రివ్యూ వాళ్ల కోసం. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల కోసం కాదు కాబట్టి క్లచ్ అంటే ఏమిటో చెప్పడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటి క్రూజర్‌గా మీటియర్ 350 సరైన బండి. నేషనల్ హైవే 44 మీద గంటకి 85–95 కిలోమీటర్ల వేగంతో రోజంతా లాగించవచ్చు. కానీ షోరూం నుంచి వచ్చింది వచ్చినట్టే వాడితే వంద కిలోమీటర్లు దాటాక నడుము కింద ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది. మొదటి డబ్బు సీటు, వెనక షాకప్‌లు, హ్యాండిల్ ఎత్తు, ఈ మూడింటికే వెళ్లాలి. మన దగ్గర చాలామంది మొదటి నెలలోనే సైలెన్సర్ మార్చి, లైట్లు తగిలించి, ఆరు నెలల తర్వాత సీటు కుట్టే అంగడికి వెళ్తున్నారు. వరుస తిరగబడింది.

కాగితం మీద లెక్కలు, రోడ్డు మీద అర్థం

మీటియర్ 2020 నవంబరులో వచ్చింది. 349 సీసీ, ఒకే సిలిండరు, గాలితో పాటు ఆయిల్‌తో చల్లబడే ఇంజన్. 6,100 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 20.2 బీహెచ్‌పీ, 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం). గేర్లు అయిదు. బండి బరువు 191 కిలోలు, సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, ట్యాంకు 15 లీటర్లు.

దీని పక్కన ఆర్15 పెట్టి చూడండి. 155 సీసీ, 10,000 ఆర్‌పీఎం దగ్గర 18.4 పీఎస్ (బీహెచ్‌పీకి దాదాపు సమానమైన పవర్ కొలత), 7,500 దగ్గర 14.2 ఎన్‌ఎం. బరువు 142 కిలోలు. పవర్ రెండింటికీ దగ్గర దగ్గరే. టార్క్ మాత్రం మీటియర్‌ది దాదాపు రెట్టింపు, అదీ సగం ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది. బరువు యాభై కిలోలు ఎక్కువ. అందుకే ఊర్లో నాలుగో గేర్‌లో ఆటో వెనక నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ ఇస్తే చాలు, బండి లాగేస్తుంది. హైవే మీద వంద దాటాక మాత్రం ఇంజన్ ఆయాసపడుతుంది. 110 దగ్గర ఇక పెద్దగా మిగలదు. ఆర్‌సీ 390 నుంచి వచ్చేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆ 43.5 పీఎస్‌లో సగం కూడా ఇందులో ఉండదు. కారును ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందు ఖాళీ ఎంత కావాలన్న అంచనా పూర్తిగా మార్చుకోవాలి.

ఆర్‌పీఎం చూపించే టాకోమీటరు లేదు. చెవితోనే గేర్ మార్చాలి. ఆర్15 అలవాటున్నవాళ్లు ప్రతి గేర్‌నీ చివరిదాకా లాగుతారు. ఈ ఇంజన్‌కి అది పనికిరాదు. దీని స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 85.8 మిల్లీమీటర్లు, బోర్ (సిలిండరు వెడల్పు) 72. స్ట్రోక్ పొడుగు కాబట్టి పైకి తిప్పే కొద్దీ శబ్దం, కంపనం పెరుగుతాయి, వేగం పెరగదు. మధ్యలోనే గేర్ మార్చండి. అట్లాగని 50 లోపు వేగంలో అయిదో గేర్ వేసి చైన్ టకటక కొట్టుకునేలా లాగకూడదు. చైన్ స్ప్రాకెట్ త్వరగా పోవడానికి ఇది ఒక కారణం.

లీటరుకి 30–35 కిలోమీటర్లు అనుకుంటే ఫుల్ ట్యాంకుకి 450 దాటుతుంది. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి రావడానికి దారిలో బంకు వెతకాల్సిన పని లేదు.

ధర విషయం ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 349 సీసీ కాబట్టి మీటియర్ ఇందులోకి వస్తుంది. 350 దాటిన బండ్లకి 40 శాతం. అదే నెలలో మీటియర్‌లో కూడా మార్పులు వచ్చాయి. లివర్‌ని తేలిక చేసి, గేర్ దించినప్పుడు వెనక చక్రం జారకుండా చూసే అసిస్ట్-స్లిప్పర్ క్లచ్ అన్నిటికంటే ముఖ్యమైనది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆ క్లచ్ ఉన్న బండా, ముందుదా అని అడిగి తెలుసుకోండి. క్లచ్ లివర్ నొక్కితే చేతికే తేడా తెలుస్తుంది.

కూర్చునే తీరు మారితే మిగతావన్నీ మారతాయి

స్పోర్ట్స్ బండి మీద మనిషి బరువు మూడు చోట్ల పడుతుంది: మణికట్లు, తొడలు, వెనక్కి ఉన్న ఫుట్‌రెస్ట్‌ల మీద పాదాలు. గుంత కనబడగానే తెలియకుండానే పాదాల మీద లేచి సీటు నుంచి ఒక అంగుళం పైకి వస్తాం. దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. మీటియర్ మీద కాళ్లు ముందుకి చాచి ఉంటాయి. ఆ స్థితిలో లేవడం కష్టం. గుంత దెబ్బ వెనక చక్రం, షాకప్, సీటు దాటుకుని నేరుగా వెన్నెముక అడుగుకి వస్తుంది. క్రూజర్ సుఖంగా ఉంటుందని కొన్నవాళ్లు పల్లె రోడ్డు మీద ఆశ్చర్యపోయేది ఇందుకే. ఎన్‌హెచ్ 44 మీద హాయిగా ఉన్న బండే, జమ్మలమడుగు దాటి గండికోట వెళ్లే దారిలోనో, నాపరాళ్ల లారీలు తొక్కిన తాడిపత్రి రోడ్డులోనో వేరే బండిలా అనిపిస్తుంది.

డ్రైవింగ్‌లో మార్చుకోవాల్సినవి నాలుగు.

బ్రేకు. స్పోర్ట్స్ బండిలో బరువు ముందుకి వాలి ఉంటుంది, అందుకే ముందు బ్రేకే ప్రధానం. మీటియర్‌లో బరువు వెనక ఎక్కువ. ముందు 300 మిల్లీమీటర్ల డిస్క్, వెనక 270, రెండింటికీ ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు). కాలి బ్రేకు కూడా గట్టిగానే పని చేస్తుంది. రెండూ కలిపి వేయడం అలవాటు చేసుకోకపోతే బండి ఆగే దూరం పెరుగుతుంది.

గేర్ తగ్గించడం. పెద్ద సింగిల్ సిలిండరు ఇంజన్‌కి ఇంజన్ బ్రేకింగ్ బలంగా ఉంటుంది. నాలుగు నుంచి రెండుకి ఒక్కసారిగా తగ్గించి క్లచ్ వదిలితే, స్లిప్పర్ క్లచ్ లేని పాత మోడల్‌లో వెనక చక్రం కీచుమని జారుతుంది. ఒక్కో గేర్ దించండి. ప్రతి గేర్‌కీ కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి క్లచ్ వదలండి.

మలుపు. కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాట్‌లో ఆర్15 మీద పక్కకి వేలాడుతూ తిప్పినట్టు దీన్ని తిప్పితే ముందుగా ఫుట్‌రెస్ట్ రోడ్డుకి రాసుకుంటుంది. అది హెచ్చరిక. అక్కడితో ఆగకుండా ఇంకా వంచితే కదలని భాగం నేలకి తగిలి వెనక టైరు లేచిపోతుంది. మలుపులోకి వెళ్లే ముందే వేగం తగ్గించి, రెండు లేదా మూడో గేర్‌లో ఉంచి, మలుపంతా కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ పోవాలి. ఆ ఘాట్‌లో ఎదురుగా వచ్చే లారీలు మలుపు దగ్గర మన వైపుకి వస్తాయి. కాబట్టి లోపలి గీతకి అంటుకోకుండా తప్పుకోవడానికి చోటు ఉంచుకోండి.

నెమ్మదిగా తిప్పడం. 191 కిలోలు కిందనే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, యూ-టర్న్ మధ్యలో ముందు బ్రేకు ముట్టుకుంటే బండి ఒక్క క్షణంలో పక్కకి పడుతుంది. ఖాళీ మైదానంలో ఒక ఆదివారం పొద్దున కాలి బ్రేకు కొద్దిగా నొక్కి ఉంచి, క్లచ్ సగం పట్టులో పెట్టి ఎనిమిది అంకె తిప్పుతూ పోతే ఇది వచ్చేస్తుంది.

సీటు: మొదటి ఖర్చు ఇక్కడ

ముందుగా పరీక్ష. బండి ఏమీ మార్చకుండా ఆగకుండా వంద కిలోమీటర్లు నడపండి. కర్నూలువాళ్లకి డోన్ దాకా వెళ్లి రావడం, అనంతపురంవాళ్లకి గుత్తి, కడపవాళ్లకి రాయచోటి. నొప్పి ఎక్కడ మొదలైందో గమనించండి. తోక ఎముక దగ్గర అయితే ఫోమ్ సమస్య. నడుము పైభాగంలో, భుజాల మధ్య అయితే హ్యాండిల్ దూరం సమస్య. తొడల కింద తిమ్మిరి అయితే సీటు ముందు అంచు సమస్య. ఈ మూడూ వేరువేరు. ఒకదాని మందు ఇంకోదానికి పని చేయదు.

ఫోమ్ సమస్యకి కొత్త సీటే కొనాల్సిన పని లేదు. సీటు కుట్టే అంగట్లో చేయించుకునే పని ఇది, కానీ ఏం చేయాలో మనమే చెప్పాలి. లేకపోతే వాళ్లు మెత్తటి స్పాంజి రెండంగుళాలు పైన పెట్టి కుట్టేస్తారు. అది రెండు వారాలకి అణిగిపోతుంది. చెప్పాల్సింది ఇది:

1. పాత కవర్‌ని చింపకుండా పిన్నులు తీసి పక్కన పెట్టమనండి. సర్వీసుకి, అమ్మకానికి పనికొస్తుంది.
2. కూర్చునే చోట తోక ఎముక కింద పడే భాగంలో ఫోమ్‌ని పొడవునా 20–25 మిల్లీమీటర్ల లోతుకి కోసి, ఆ గాడిలో మెత్తటి ఫోమ్ పెట్టించండి. రెండు పక్కలా పిరుదుల ఎముకలు ఆనే చోట గట్టి, సాంద్రత ఎక్కువ ఉన్న పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ ఉండాలి.
3. మొత్తం మీద ఎత్తు 20 మిల్లీమీటర్లకి మించి పెరగకూడదు. అంతకి మించితే మోకాళ్ల కోణం మారుతుంది. పొట్టివాళ్లకి కాలు ఆనదు.
4. ముందు అంచుని రెండు పక్కలా గుండ్రంగా చెక్కించండి. కాళ్లు ముందుకి చాచినప్పుడు తొడ వెనక నరం మీద ఒత్తిడి తగ్గుతుంది.
5. ఫోమ్ మీద పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని మీద రెగ్జిన్. షీటు లేకపోతే కుట్ల గుండా వాన నీళ్లు దిగి ఫోమ్ నెలల తరబడి ఆరదు.

జెల్ ప్యాడ్‌లు మన దగ్గర వద్దు. కర్నూలు, అనంతపురంలో వేసవిలో 42–43 డిగ్రీలు మామూలే. ఎండలో నిలబెట్టిన బండి మీద జెల్ వేడిని పట్టి ఉంచుతుంది, కూర్చున్నాక కూడా చాలాసేపు వదలదు. దాని బదులు గాలి ఆడే నెట్ కవర్ తొడిగించుకోండి. చెమట నిలవదు, వేడీ నిలవదు. నలుపు బదులు లేత గోధుమ రంగు రెగ్జిన్ వేయించినా కొంత తేడా ఉంటుంది.

వెనక షాకప్‌లు

వెనక రెండు షాకప్‌లకీ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) ఆరు మెట్లు ఉన్నాయి. చాలామంది కొన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోరు. 65–70 కిలోల మనిషి ఒక్కడే తిరిగితే రెండో మెట్టు, వెనక ఇంకొకరు కూర్చుంటే నాలుగు, సామాను కూడా ఉంటే అయిదు. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. సరిచూసుకోవడం ఇట్లా: బండి వెనక భాగం పైకెత్తి, యాక్సిల్ నుంచి సీటు కింద ఒక గుర్తుకి ఎంత దూరమో కొలవండి. మీరు డ్రెస్సు, హెల్మెట్‌తో సహా ఎక్కి కూర్చున్నాక ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. రెండింటి తేడా, చక్రం మొత్తం కదిలే దూరంలో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్యలో ఉండాలి. తక్కువైతే ప్రీలోడ్ ఎక్కువైంది, ప్రతి గుంతా కొడుతుంది. ఎక్కువైతే స్పీడ్ బ్రేకర్ దగ్గర షాకప్ అడుగుకి తాకి ధడ్‌మంటుంది. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు, కానీ సర్వీసు నుంచి వచ్చాక ఒకసారి చూసుకోండి.

మెట్లన్నీ మార్చి చూసినా చాలకపోతేనే గ్యాస్ షాకప్‌లు. కొనేటప్పుడు ఒకటే నియమం: పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకి పాతదాని పొడవు ఎంతుందో కొత్తదానిదీ అంతే ఉండాలి. పది మిల్లీమీటర్లు పొడుగైనా తోక లేచి, ముందు ఫోర్కు నిటారుగా మారి, హైవే మీద బండి నిలకడ తగ్గుతుంది. సైడ్ స్టాండ్ మీద నిలబెట్టినప్పుడు ఎక్కువగా వాలిపోతుంది. పొట్టిదైతే మడ్‌గార్డ్‌కి టైరు రాసుకుంటుంది. బండి కిందకి దించితే బాబర్‌లా (కిందకి దిగి ఉండే స్టైలు బండిలా) ఉంటుందని పొట్టి షాకప్‌లు వేయించుకోవడం మన స్పీడ్ బ్రేకర్లకి అసలు సరిపడదు.

హ్యాండిల్

చేతులు చాచి పట్టుకోవాల్సి వస్తుంటే హ్యాండిల్ మార్చే ముందు రైజర్ (హ్యాండిల్ కింద బిగించి ఎత్తు పెంచే దిమ్మె) చాలునేమో చూడండి. 25–30 మిల్లీమీటర్లు ఎత్తి, కొంచెం వెనక్కి తెచ్చే రైజర్‌తో ఎక్కువమందికి పని అయిపోతుంది. బిగించాక తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష: బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్‌ని కుడివైపు చివరిదాకా, ఎడమవైపు చివరిదాకా తిప్పండి. ఆర్‌పీఎం పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోంది. అట్లా ఉన్న బండిని రోడ్డు మీదకి తీసుకెళ్లకూడదు, యూ-టర్న్‌లో దానంతటదే ముందుకి ఉరుకుతుంది. క్లచ్ వైర్, ముందు బ్రేకు హోస్, స్విచ్‌ల వైరింగ్ ఏ కోణంలోనూ బిగుసుకోకూడదు. హోస్ చాలకపోతే పొడుగుది వేయించుకోవాలి గానీ ఉన్నదాన్ని లాగి బిగించకూడదు. ఏబీఎస్ బండి కాబట్టి హోస్ విప్పాక గాలి తీయడం తెలిసినవాళ్లే చేయాలి.

క్లాంపు బోల్టులు టార్క్ రెంచ్‌తోనే (బిగువు కొలిచి చూపే పానా) బిగించాలి. కొలత సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే అల్యూమినియం మరలు అరిగిపోతాయి. అయితే ఎక్కడా టార్క్ రెంచ్ తీయని మెకానిక్‌లే ఎక్కువ. అడిగి చూడండి, లేదంటే వేరే చోటుకి వెళ్లండి.

భుజాల కంటే ఎత్తుగా చేతులు పెట్టే హ్యాండిల్‌లు ఫొటోలకి బాగుంటాయి. ఎదురుగాలిలో అరగంటకే చేతుల్లో రక్తం దిగిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. క్లచ్ మీద పట్టు తగ్గుతుంది. వద్దనే చెబుతాను.

అద్దం, బ్యాగులు, లైట్లు

నిటారుగా కూర్చుంటే 90 దాటాక గాలి అంతా గుండె మీద కొడుతుంది. స్పోర్ట్స్ బండిలో ట్యాంకు మీద వాలిపోయేవాళ్లం, ఇక్కడ ఆ వీలు లేదు. ముందు వైపు గాలి ఆపే అద్దం (విండ్‌షీల్డ్) పెట్టించుకోవడం మన ప్రాంతానికి విలువైన ఖర్చు. వేసవిలో గాలి ఒంటి కంటే వేడిగా ఉంటుంది, అది ఎంత ఎక్కువగా తగిలితే అంత త్వరగా నీరసం వస్తుంది. అద్దం పైఅంచు కూర్చున్న మనిషి ముక్కు ఎత్తుకి ఉండాలి, కళ్ల ఎత్తుకి కాదు. అద్దం గుండా చూస్తూ నడిపితే రాత్రి లారీ లైట్లకి గీతలన్నీ మెరుస్తాయి. మరీ పొట్టిదైతే గాలి సరిగ్గా హెల్మెట్ మీదకే వచ్చి తల ఊగిపోతుంది. సూపర్‌నోవా వేరియంట్‌కి అద్దం, వెనక ఆనుకునే బ్యాక్‌రెస్ట్ కంపెనీ నుంచే వస్తాయి. ఈ రెండూ ఎట్లాగూ కావాలనుకుంటే విడిగా కొనే లెక్క ఒకసారి వేసుకుని ఆ వేరియంట్ చూడండి. మిగతా వేరియంట్లకైతే కంపెనీ 'మేక్ ఇట్ యువర్స్' యాక్సెసరీలతో వారంటీకి ఇబ్బంది ఉండదు.

పక్క బ్యాగులకి స్టేలు (బ్యాగు ఆనే ఇనుప చట్రాలు) తప్పనిసరి. అవి లేకుండా వేలాడదీస్తే బ్యాగులు వెనక చక్రంలో పడతాయి, లేదా సైలెన్సర్‌కి అంటుకుని కాలిపోతాయి. సైలెన్సర్‌కి, బ్యాగుకి మధ్య రెండంగుళాల ఖాళీ ఉంచండి. ఒక్కో పక్క అయిదారు కిలోలు, బరువు వస్తువులు అడుగున, వీలైనంత ముందుకి. ఇండికేటర్లు మూసుకుపోలేదని వెనక నిలబడి చూడండి.

2025కి ముందు వచ్చిన చాలా బండ్లలో హెడ్‌లైట్ హాలోజన్. నల్లమలలో ఆత్మకూరు–దోర్నాల రోడ్డు వంటి చోట్ల అది చాలదు, నిజమే. దానికోసం 100 వాట్ల బల్బు వేస్తే హోల్డర్ కరిగిపోతుంది. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది, మన రోడ్డు మీద పడదు. సరైన దారి రెండు చిన్న ఫాగ్ లైట్లు, ఒక్కోటి 20 వాట్లు మించకుండా. రెండూ కలిపి 40 వాట్లు, అంటే మూడున్నర ఆంపియర్ల లోపు. బ్యాటరీ నుంచి విడిగా వైరు, అయిదు ఆంపియర్ల ఫ్యూజు, రిలే (లైట్ల కరెంటుని విడిగా ఆన్ చేసే స్విచ్), ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే ట్రిగ్గర్. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, లైటు దగ్గర కాదు. దారిలో ఎక్కడ వైరు ఒలిచిపోయినా ఫ్యూజు కాలి బండి మిగులుతుంది. అసలు వైరింగ్‌ని కోసి టేపు చుట్టే అంగడి నుంచి వెంటనే బయటకి వచ్చేయండి. ఆరు నెలలకి ఆ జాయింట్ తుప్పు పట్టి బండి నడిరోడ్డు మీద ఆగుతుంది, వారంటీ కూడా పోతుంది.

సైలెన్సర్

బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండిలో సైలెన్సర్ పైపులోనే పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. వాటిని తీసి ఉత్త పైపు పెడితే ఇంజన్ కంట్రోల్ లెక్కలు తప్పుతాయి. మిశ్రమంలో పెట్రోలు తగ్గి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పటపటమంటుంది. మన ఎండలో గాలితో చల్లబడే ఇంజన్‌కి అది మంచిది కాదు. శబ్దం, పొగ పరిమితులు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. ఈ ఇంజన్ శబ్దం ఉన్నదే బాగుంటుంది. ఆ డబ్బుతో సీటు, షాకప్‌లు రెండూ అయిపోతాయి.

దుమ్ము, ముళ్లు, ఎండ

ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు సిమెంటు, రాయి దుమ్ములో రోజూ తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ని కంపెనీ చెప్పిన గడువు దాకా ఆపకూడదు, సగానికే తీసి చూడాలి. కాగితం ఫిల్టర్ కాబట్టి నీళ్లతో కడగకూడదు. కంప్రెసర్ గాలి కొట్టినా లోపలి నుంచి బయటకి, దూరం నుంచి. నల్లబడితే మార్చేయడమే. ముందు ఫోర్కు ట్యూబుల మీద ఆ దుమ్ము ఆయిల్‌తో కలిసి సీళ్లని కోసేస్తుంది. ఫోర్కుకి రబ్బరు బూట్లు (గొట్టం తొడుగులు) తొడిగితే లోపల కూడా దుమ్ము చేరుతుంది, నెలకొకసారి పైకెత్తి తుడవాలి. చైన్‌కి వారానికోసారి గుడ్డతో తుడిచి లూబ్ కొట్టండి, బండి వేడిగా ఉన్నప్పుడు కొడితే లోపలికి దిగుతుంది. వాడిన ఇంజన్ ఆయిల్ పోయకండి. దానికి దుమ్ము అంటుకుని సాన పట్టినట్టు అరగదీస్తుంది.

అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్న వేరియంటే తీసుకోండి. రోడ్డు పక్కనంతా సర్కారు కంప. దాని ముల్లు దిగితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి నెమ్మదిగా పోతుంది, ముల్లు పీకకుండా దగ్గరలో ఊరు దాకా వెళ్లిపోవచ్చు. ప్లగ్ కిట్టు, చిన్న పంపు సీటు కింద, బ్యాగులో ఉంచుకోండి. ముందు 100/90-19, వెనక 140/70-17. వెనక ఇంకా లావు టైరు వేస్తే అందంగా ఉంటుందని 150 వేయించేవాళ్లున్నారు. రిమ్ వెడల్పు అదే కాబట్టి టైరు పైకి గుండ్రంగా ఉబ్బి రోడ్డుకి తగిలే పట్టు తగ్గుతుంది, చైన్ పక్క ఖాళీ పోతుంది. గాలి పొద్దున్నే, బండి తీయక ముందే చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం కాలిన రోడ్డు మీద నడిపాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే సాయంత్రానికి తక్కువైపోతుంది.

ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ50, జేఏఎస్ఓ ఎంఏ2 (బైకు క్లచ్‌కి సరిపడే ప్రమాణం) అని డబ్బా మీద ఉన్నదే పోయించండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

ఇంకేం చూడొచ్చు

సూపర్ మీటియర్ 650 డబ్బున్నవాళ్ల మనసు లాగుతుంది. రెండు సిలిండర్లు, 47 పీఎస్, 52.3 ఎన్‌ఎం. ఆర్‌సీ 390 నుంచి వచ్చేవాళ్లకి పవర్ తగ్గినట్టు ఉండదు. కానీ 241 కిలోలు, గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లు, వెనక చక్రం కదిలేది 101 మిల్లీమీటర్లే. వెనక ఇంకొకరిని ఎక్కించుకుని మన పల్లెల స్పీడ్ బ్రేకర్లు దాటితే అడుగు తాకుతుంది. హైదరాబాద్–బెంగళూరు హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లు తీసుకోవచ్చు. ఊర్లో, గల్లీల్లో రోజువారీ వాడకానికి బరువు విసుగు తెప్పిస్తుంది. అవెంజర్ 220 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, సీటు 737 మిల్లీమీటర్లే కాబట్టి పొట్టివాళ్లకి సుఖం. క్రూజర్ కూర్చునే తీరు తమకి పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఏడాది వాడి అమ్మేసే బండిగా అది మంచిది.

కాగితాలు

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం బండి తయారైనప్పటి వివరాలు మారేలా మార్పులు చేయకూడదు. చేస్తే 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. సీటు కవర్, బ్యాక్‌రెస్ట్, అద్దం, బ్యాగులతో సాధారణంగా గొడవ రాదు. ఛాసిస్ కోయడం, ఫోర్కు పొడిగించడం, వెనక మడ్‌గార్డ్ కత్తిరించి నంబరు ప్లేటు పక్కకి తిప్పడం మాత్రం నేరుగా ఇందులోకి వస్తాయి. ట్యాంకు, బాడీ రంగు పూర్తిగా మార్చాలంటే పెయింటు వేయించే ముందే రవాణా ఆఫీసులో అనుమతి అడిగి, ఆ తర్వాత బండి రిజిస్ట్రేషన్ కార్డులో కొత్త రంగు ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా యాక్సెసరీల బిల్లులతో సహా మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోండి. బండి పడి క్లెయిమ్ పెట్టిన రోజు సర్వేయర్ మొదట అడిగేది ఆ బిల్లులే. పాత సీటు కవర్, పాత షాకప్‌లు, పాత హ్యాండిల్ ఇంట్లో అటక మీద ఉంచండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు వాటికోసం అడుగుతాడు.